అక్క ఇంట్లో రంగుల గుర్రాలు

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట నేనే చెప్పేసుకుంటే ఇంకొకరికి చెప్పే పని ఉండదు. పక్కింటి కుండీలో గులాబీ పూస్తే నా కుండీ వైపు చూసి మూతి ముడుచుకునే రకాన్ని. అరవై దాటితే తగ్గుతుందనుకున్నాను. మోకాళ్ళు అరిగాయి, పళ్ళు అరిగాయి, ఇది మాత్రం అరగలేదు.

మొన్న మా యారాలి కూతురు వచ్చింది. యారాలంటే మా ఆయన అన్నగారి భార్య. నేను అక్కా అంటాను. ఆ పిల్ల ఎయిర్‌పోర్టులో పని చేస్తుంది. డ్యూటీ దిగి ఇంటికి పోతూ నా దగ్గర ఓ కప్పు చాయ్ తాగి పోవడం అలవాటు. ఆ రోజు ఫోన్‌లో ఏదో చదువుకుంటూ ఉన్నట్టుండి తలెత్తింది.

"చిన్నమ్మా, అమెరికాల రంగుల టీవీలు వచ్చిన కొత్తల ఎవ్వరు కొనలేదట. టీవీలు తయారుచేసే కంపెనోళ్ళకు చానల్ గూడ ఉండెనట. ఆ చానల్ల గుర్రాల సీరియల్ ఒకటి రంగుల్ల ఏసేసరికి, దాని కోసమని జనం పోయి రంగుల టీవీలు కొన్నరట."

"అమెరికా దాక ఎందుకే? మన శంషాబాద్ బజార్ల మీ అమ్మ కొన్నది గుర్రాలను చూసే," అన్నాను.

"అమ్మ ఎన్నడు చెప్పలే?"

చెప్పదు. ఆమెకు చెప్పుకోవాల్సినంత విషయం అందులో ఏమీ లేదు. ఉన్నదంతా నాకే. ఆ పిల్ల వెళ్ళాక కప్పు కడగకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అప్పటికి ఈ ఎయిర్‌పోర్టు లేదు. ఇప్పుడు విమానాలు దిగే దిక్కున జొన్నచేలూ, మధ్యలో రాళ్ళగుట్టలూ ఉండేవి. అన్నదమ్ములిద్దరూ వేరుపడి, ఉన్న ఒక్క ఇంటికీ నడుమ గోడ పెట్టుకున్నారు. తూర్పు సగం బావకు, పడమటి సగం మాకు. కింద గోడ లేచింది గానీ మిద్దె మీద మాత్రం అలాగే వదిలేశారు. బట్టలు ఆరేసుకోవడం, మిరపకాయలు ఎండబెట్టుకోవడం అంతా కలిసే. గోడకు ఇవతల నేను, అవతల అక్క. బావకు హైవే మీద టైర్ల పంక్చర్ దుకాణం. మా ఆయనకు గగన్‌పహాడ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఇంట్లో ఉంటే నిద్ర, లేకపోతే లేడు.

ఆస్తితో పాటు మామను కూడా పంచుకున్నారు. మా అత్త అప్పటికే పోయింది. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్య దాకా మామ మా దగ్గర, ఆ తర్వాతి నెల అక్క దగ్గర. మామ సామానంతా ఒక రేకుపెట్టెలో పట్టేది. వంతు మారే రోజు ఏ కోడలి వంతు వస్తే ఆ కోడలే గోడ చుట్టూ తిరిగి పోయి, "మామా, దా పోదాం," అని పిలిచి, పెట్టె అందుకుని తీసుకురావాలి. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆ పద్ధతి అలా నడిచేది. పిలవనిదే వస్తే తిండి కోసం వచ్చినట్టు ఉంటుందని ఆయన పట్టింపు.

చాలా ఇళ్ళలో ముసలాయన నెల ఎప్పుడు అయిపోతుందా అని కోడళ్ళు చూస్తారు. నా సంగతి వేరు. నాకు పెళ్ళై ఆరేళ్ళయినా పిల్లలు లేరు. మామ ఉన్న నెల ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు. కూర ఎలా ఉందో చెప్పే మనిషి ఉండేవాడు. ఆయన అక్క దగ్గరికి పోయిన నెల నేను గోడలతో మాట్లాడేదాన్ని. అక్కకు పిల్లలున్నారు, ఆమె ఇల్లు ఎప్పుడూ గోలగోలగా ఉండేది. ఆమెకు మామ కూడా ఎందుకు? ఈ ప్రశ్న నన్ను లోపల కాలుస్తూనే ఉండేది.

మామ టాంగా తోలేవాడు. రైల్వే స్టేషన్ నుంచి బజారుకు, బజారు నుంచి చుట్టుపక్కల ఊళ్ళకు. ఎర్రటి ఆడగుర్రం, నుదుటి మీద తెల్లటి మచ్చ. నేను కాపురానికి వచ్చేనాటికే ఆటోలు వచ్చి టాంగా మూలపడింది. గుర్రాన్ని పాతబస్తీలో పెళ్ళి బరాతులకు గుర్రాలు తిప్పే అతనికి అమ్మేశాడు. ఆ తర్వాత అది ఏమైందో అడగలేదు, అడగబోయిన వాళ్ళను అడగనివ్వలేదు.

ఇక టీవీ. ఆ ఇంట్లో మొదట టీవీ వచ్చింది నా దగ్గరికే, ఈ మాట రాసి పెట్టుకోండి. బ్లాక్ అండ్ వైట్ టీవీ, చెక్క డబ్బా, ముందుకు రెండు తలుపులు. వాటికి తాళం కూడా ఉండేది. ఆదివారం పొద్దున ఇంగ్లీషు సీరియల్ ఒకటి వచ్చేది. పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. మేము గుర్రాల సీరియల్ అనేవాళ్ళం. పెద్ద పెద్ద టోపీలు, నడుముకు తుపాకులు, దుమ్ము, ఎక్కడ చూసినా గుర్రాలు. వాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు ముక్క కూడా మాకు తెలిసేది కాదు. అయినా బజారులో సగం మంది నా ఇంట్లోనే ఉండేవాళ్ళు. ఎందుకంటే మామ చెప్పేవాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు, గుర్రాల భాష వచ్చు. గుర్రాలను చూసి కథ చెప్పేవాడు. "ఆ టోపీవోడు దగ్గరికొస్తుంటే అది చెవులు ఎనుకకు ఏసింది, జూసిన్రా? వాడు మంచోడు గాదు," అనేవాడు. పావుగంటకు ఆ టోపీవాడు ఎవణ్ణో కాల్చేవాడు. "ఇది ఎడమకాలు సగమే ఆనిస్తున్నది. గుట్ట ఎక్కదు," అనేవాడు. ఎక్కేది కాదు. అక్క కూడా పిల్లల్ని వేసుకుని వచ్చి, నా ఇంట్లో, నా చాప మీద, నోరు తెరుచుకుని కూర్చుని వినేది. అప్పుడు నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. చాయ్ కలిపి ఇస్తూ గ్లాసులు లెక్కపెట్టుకునేదాన్ని.

ఒక్క విషయంలోనే మామ ఆగిపోయేవాడు. హీరో ఎక్కే గుర్రం ఏ రంగుదో ఆయనకు అంతుచిక్కలేదు. టీవీకి దగ్గరగా జరిగి, కళ్ళు చిట్లించి చూసేవాడు. "నల్లది గాదు. తెల్లది గాదు. నడుమ ఏదో ఉన్నది. నడుమ ఉన్నయన్ని గీ డబ్బాల ఒక్కతీరే కనవడతయి," అని గొణుక్కునేవాడు. నేను, "ఏ రంగైతే ఏంది మామా, ఉరుకుతున్నది గద," అనేదాన్ని. ఆ మాట ఆయనకు నచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే బజారులో టీవీల దుకాణం పెట్టారు. ఆ దుకాణదారు తెలివి చూడాలి. ఆదివారం షట్టరు సగం ఎత్తి, అరుగు మీద రెండు టీవీలు పక్కపక్కన పెట్టేవాడు. ఒకటి బ్లాక్ అండ్ వైట్, ఒకటి రంగులది. రెండింట్లోనూ గుర్రాల సీరియలే. రోడ్డు మీద జనం గుమికూడేవాళ్ళు. అతను రంగుల టీవీ మీద గుడ్డ కప్పి, "అన్నా, మీ ఇంట్ల టీవీ ఉన్నదా? ఉంటే గుర్రం ఏ రంగుదో జర చెప్పుండ్రి," అని అడిగేవాడు. ఒకరు ఎరుపు అనేవాళ్ళు, ఒకరు గోధుమ అనేవాళ్ళు, పందేలు కూడా కాసేవాళ్ళు. అప్పుడు గుడ్డ తీసేవాడు. ఎర్రమట్టి, నీలి ఆకాశం, వాటి మధ్యలో గుర్రం.

వార్తలకూ, పాటలకూ ఆ గుడ్డ పనిచేసేది కాదు. మనిషి మొహం ఏ రంగులో ఉంటుందో అందరికీ తెలుసు, అందుకని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. గుర్రాలకే పని చేసింది. ఆ ఏడాది మా బజారులో ఎన్నో ఇళ్ళకు రంగుల టీవీలు వచ్చాయంటే ఆ గుడ్డ చలవే. జల్‌పల్లి నుంచి కూడా స్కూటర్ల మీద వచ్చి చూసి పోయేవాళ్ళు. మా వెనక సందులో చర్చికి పోయే టీచరమ్మ, ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి ఉరికేది. ఆమె కూడా కొన్నది.

ఒక ఆదివారం మామ బీడీలు తెచ్చుకుంటానని పోయి మధ్యాహ్నానికి వచ్చాడు. ఆ పొద్దున నా ఇంట్లో జనం కూర్చున్నారు గానీ చెప్పే మనిషి లేడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన గడపలో చెప్పులు కూడా విడవకుండా, "ఎర్రదే బిడ్డా!" అన్నాడు.

"ఏంది మామా?"

"గుర్రం. ఎర్రది. అచ్చం నా దాని లెక్కనే. ఎండ పడితే మెరుస్తున్నది." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి కూడా నాకు జాలి కలగలేదు. నా టీవీ చూపించలేనిది ఏదో ఒకటి బజారులో చూసి వచ్చాడే అని మంట పుట్టింది.

ఆ మాట గోడ అవతలకు కూడా పోయింది. పది రోజుల్లో బావ రంగుల టీవీ తెచ్చాడు. మామ గుర్రాన్ని చూసుకోవాలనే తెచ్చామని అక్క అందరికీ చెప్పింది. అది నిజమే కావచ్చు. నిజమైనందుకే నాకు ఇంకా మండింది.

మరుసటి ఆదివారం నా చాప మీద ఎవరూ లేరు. మామది అప్పుడు నా వంతే. తలకు నూనె రాసుకుని, కొత్త రుమాలు భుజాన వేసుకుని, "జర చూసొస్త బిడ్డా," అని గోడ అవతలకు పోయాడు. నేను ఒక్కదాన్నే టీవీ పెట్టుకున్నాను. నా టీవీలో బొమ్మ, గోడ అవతల మామ మాట. "చెవులు జూసిన్రా?" అని అక్కడ ఆయన అంటుంటే ఇక్కడ నేను చెవులు చూసేదాన్ని. వాళ్ళు నవ్వితే సౌండు పెంచేదాన్ని.

ఆ అమావాస్యకు అక్క వచ్చి పిలిచింది, మామ పెట్టెతో పాటు పోయాడు. ఆ నెలంతా నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. తర్వాతి అమావాస్య వచ్చింది. జొన్నరొట్టెలు చేశాను, ఆయనకిష్టమని చింతచిగురు పప్పు చేశాను, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచాను. పోయి పిలవడం ఒక్కటే మిగిలింది. పిలవలేదు.

ఎందుకు పిలవలేదంటే, నన్ను వదిలి ఆదివారాలు అటు పోయిన మనిషి ఈసారి తనంతట తాను రావాలని. నేను కావాలో, ఆ టీవీ కావాలో తేలిపోవాలని. మా ఆయన నిద్ర లేచి, "బాపును తోలుకరాలేదేంది?" అన్నాడు. "దారి తెల్వదా? నాలుగడుగులే గద," అన్నాను. ఆయన నా మొహం చూసి డ్యూటీకి పోయాడు. రొట్టెలు చల్లారిపోయాయి. మామ రాలేదు.

మూడో రోజు బోరింగు దగ్గర అక్క కనబడింది. "చెల్లే, మామ ఇంకొన్నొద్దులు ఈడనే ఉంటడేమో తియ్. పిల్లలు గూడ ఇడుస్తలేరు," అంది. ఆమె మంచిగానే అంది. ఆమె ఏదన్నా మంచిగానే అంటుంది. నేను బిందె ఎత్తుకుని, "ఉండనియ్, నాకేమైతది," అని వచ్చేశాను. ఇంటికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

అంగట్లో ఒకతను టీవీ కాగితాలు అమ్ముతుండేవాడు. పల్చటి ప్లాస్టిక్ కాగితం, పైన నీలం, నడుమ ఎరుపు, కింద పచ్చ. టీవీ అద్దానికి అంటిస్తే బ్లాక్ అండ్ వైట్ టీవీ రంగులదైపోతుందని అరిచేవాడు. పైన ఆకాశం, కింద గడ్డి, నడుమ మనుషులు. నాకు ఆ మాట సరిగ్గానే అనిపించింది. గుర్రాల సీరియల్లో ఆకాశం పైనే ఉంటుంది కదా. కొని, కొంగులో దాచుకుని తెచ్చాను. శనివారమంతా కూర్చుని బుడగలు లేకుండా అంటించాను. ఆదివారం పొద్దున అక్క పిల్లలు సందులో ఆడుకుంటుంటే, "మా టీవీ గూడ రంగులదైంది, మీ తాతకు చెప్పుండ్రి," అన్నాను. నేను పోయి పిలవలేదు. పిల్లలతో చెప్పించాను, అంతే.

అందరూ వచ్చారు. మామ చాప మీద ముందు కూర్చున్నాడు. సీరియల్ మొదలైంది. దూరం నుంచి చూపిస్తున్నంతసేపు బాగానే ఉంది. ఆకాశం నీలంగా, నేల పచ్చగా. నా గుండె పొంగింది. అంతలో గుర్రం దగ్గరికి వచ్చింది. తల నీలం, పొట్ట ఎరుపు, కాళ్ళు పచ్చ. ఆ తర్వాత హీరో మొహం తెరంతా నిండింది. నీలం నుదురు, ఎర్ర ముక్కు, పచ్చ గడ్డం.

పిల్లలు పడీ పడీ నవ్వారు. వాళ్ళు నవ్వినందుకు నాకు అంత బాధ లేదు. అక్క నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మంచిగనే ఉన్నది చెల్లే," అంది. దానికి నా పానం పోయింది. మామ మర్యాదకు చివరిదాకా కదలకుండా కూర్చున్నాడు. ఒక్క మాట చెప్పలేదు, ఏ గుర్రం చెవుల గురించీ మాట్లాడలేదు. అయ్యాక కళ్ళు తుడుచుకుని, "కండ్లు గుంజుతున్నయి బిడ్డా," అని లేచాడు. "ఉండు మామా," అని నేనన్నా అయిపోయేది. అనలేదు. గడప దాటేదాకా ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. సాయంత్రం కాగితం పీకి పారేస్తే అద్దం మీద బంక చారలు మిగిలాయి, కిరసనాయిలు పెట్టి తుడిచినా పోలేదు.

తర్వాతి వారం సీరియల్ను ఒక ఘట్టం దగ్గర ఆపేశారు. ఎర్రగుర్రం కాలు బండల మధ్య ఇరుక్కుని విరిగింది. హీరో కిందికి దిగి, దాని మెడ నిమిరి, తుపాకీ తీశాడు. అక్కడితో అయిపోయింది. ఆ వారమంతా గోడ అవతల మామ అన్నం సరిగా తినలేదు. అక్క మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తూ నాతో చెప్పింది. "సంపుతడా, సంపడా అని ఒకటే పరేషాన్ చెల్లే. ఆదివారం దాక ఎట్ల ఆగుతడో."

నాకు ఆ మనిషి దిగులు పట్టలేదు. ఆదివారం ఆయన ఎక్కడ కూర్చుని చూస్తాడనేదే నా మనసంతా. అక్కడే కూర్చుంటాడు. ఏడిస్తే అక్క కొంగే అందుకుంటాడు. అది నేను ఓర్చుకోలేకపోయాను.

ఆదివారం పొద్దున తడిబట్టలు తీసుకుని మిద్దె ఎక్కాను. రెండు యాంటెన్నాలూ పక్కపక్కన, రెండూ పట్నం వైపే మొహం పెట్టుకుని ఉన్నాయి. బావ అప్పటికే దుకాణానికి పోయాడు. యాంటెన్నా సంగతి ఆయనకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక చీర ఆరేశాను. దాని చాటున అక్క వాళ్ళ కడ్డీ రెండు చేతులా పట్టుకుని తిప్పాను. తుప్పు పట్టి కిర్రుమంది. ఎటు తిప్పానంటే కందుకూరు వైపు. అక్క పుట్టినూరు అదే. పొండి, అక్కడే వెతుక్కోండి మీ రంగులు, అనుకున్నాను. తప్పు చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు, నిజం చెబుతున్నాను.

సీరియల్ టైముకు గోడ అవతల అరుపులు మొదలయ్యాయి. తెరంతా చుక్కలట. అక్క వెనక వైర్లు కదిలించింది. పిల్లలు మిద్దె ఎక్కి కడ్డీని ఊపారు, ఎటు ఉండాలో వాళ్ళకేం తెలుసు. చుక్కలు పోలేదు. నేను నా టీవీ తలుపులు తెరిచి, బంక చారల మీద ఒకసారి గుడ్డతో తుడిచి, చాప పరిచి కూర్చున్నాను. రెండు నిమిషాలకు సందులో చెప్పుల చప్పుడైంది. అందరికంటే ముందు మామ వచ్చాడు. చెప్పులతోనే లోపలికి వచ్చి టీవీ ముందు కూలబడ్డాడు.

హీరో తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. గుర్రం తలెత్తి చూసింది. మామ ఏమైనా చెబుతాడని అందరం ఆయన వైపు చూశాం. ఆయన తెరనే చూస్తున్నాడు. తర్వాత గుర్రాన్ని చూపించలేదు. ఆ మనిషి వీపు మాత్రమే చూపించారు. చప్పుడైంది. ఆ మనిషి టోపీ తీశాడు.

అక్క ఏడ్చింది. పిల్లలు ఏడ్చారు. మామ ఏడవలేదు. "మంచిగాయె," అన్నాడు.

"ఏంది మామా, మంచిగాయె?" అంది అక్క ముక్కు చీదుతూ.

"గీడ జూసుడు మంచిగాయె. గా ఎర్రరంగుల జూస్తుంటే నేను తట్టుకోకపోతుంటి. గీ టీవీల ఏదో గుర్రం. గా రంగుల దాంట్ల అయితే నాదే." నా వైపు కాదు, ఎవరి వైపూ కాదు, టీవీ వైపే చూస్తూ అన్నాడు, "వాడు కాల్చి సంపిండు. నేను అమ్మిన. వాడు దాని పక్కపొంటి ఉండి సంపిండు. నేను ఎనుకకు మల్లి గూడ చూడకుంట వచ్చిన."

అక్క లేచి పోయి రేకుపెట్టె తెచ్చి నా గడపలో పెట్టింది. "ఈడనే ఉండు మామా, నీకు గిదే నిమ్మళంగున్నట్టున్నది," అంది. అలా మామ నా ఇంటికి వచ్చాడు. నేను కోరుకున్నదే జరిగింది. అన్నం వడ్డిస్తుంటే నా చేతులు తేలిపోతున్నాయి.

ఆ సాయంత్రం బావ మిద్దె ఎక్కి చూసి, దిగి నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. వెనకే అక్క. "యాంటెన్నా కందుకూరు దిక్కు తిరిగున్నది. గాలికి తిరిగేది గాదు, పిల్లలతోని అయ్యేది గాదు, నట్లు బిగించి ఉన్నయి. ఎవరో తిప్పిన్రు," అన్నాడు. నేను గిన్నెలు తోముతున్నదాన్ని తల ఎత్తలేదు. బూడిద చేతిలో అలాగే ఉండిపోయింది.

"కోతులు తిప్పినయి," అన్నాడు మామ మంచం మీద నుంచి. "పొద్దుగాల నేను చూసిన. పెద్ద కోతి."

బావ ఏదో అనబోయి, తండ్రి మొహం చూసి ఊరుకున్నాడు. అక్క నన్ను చూసింది, మామను చూసింది. "ఔ, కోతులే అయి ఉంటయి," అని బావను తీసుకుని పోయింది. మా బజారుకు అప్పటికి ఒక్క కోతి కూడా రాలేదు.

వాళ్ళు పోయాక నేను గిన్నెలు వదిలి మామ మంచం దగ్గరికి పోయాను. ఆయనే మొదలుపెట్టాడు. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండు అనిపించింది.

"పొద్దుగాల వాకిట్ల బీడీ తాగుతున్న. చీర ఎనుక నీ చేతులు కనవడ్డయి బిడ్డా. గంత కష్టం ఎందుకు?"

"నువ్వు రాకపోతివి మామా. నీకు ఆ టీవీనే ఎక్కువాయె," అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఏం టీవీ? అమాసనాడు పొద్దుగాలనే పెట్టె సదురుకున్న. అంగీ గూడ మార్చుకున్న. పెద్దకోడలు బువ్వ తినుమంటె, లేదమ్మా, చిన్నకోడలు రొట్టెలు చేసి ఉంటది, ఆడ తింట అన్న. పొద్దుగూకేదాక గడప మీద కూసున్న. నువ్వు పిలువ రాకపోతివి. నా బిడ్డకు నేను వద్దేమో అనుకున్న."

గోడకు ఇవతల నేను రొట్టెలు ముందు పెట్టుకుని ఆయన కోసం కూర్చున్నాను. గోడకు అవతల ఆయన పెట్టె ముందు పెట్టుకుని నా కోసం కూర్చున్నాడు. ఇద్దరం పస్తే ఉన్నాం. నడుమ ఉన్నది ఒక ఇటుక మందం గోడ. ఒక్క కేకేసినా వినబడేది.

ఆ నెలలో మిగిలిన రోజులన్నీ మామ నా దగ్గరే ఉన్నాడు. ఆదివారం ఆదివారం నేనే ఆయన్ను అక్క ఇంటికి తీసుకుపోయి, ఆమె రంగుల టీవీ ముందు కూర్చోబెట్టి, నేనూ కూర్చున్నాను. హీరోకు కొత్త గుర్రం వచ్చింది. మామ దాని చెవుల గురించి చెబుతుంటే ఎర్రమట్టీ, నీలి ఆకాశమూ నిజంగానే బాగుండేవి. బాగున్నాయని పైకి మాత్రం అనలేదు.

అమావాస్య వచ్చింది. నా వంతు అయిపోయింది. మామకు ఒంట్లో బాగాలేదనో, వాన వచ్చేలా ఉందనో, ఏదో ఒకటి చెప్పి ఇంకో నాలుగు రోజులు ఉంచుకోవాలని పొద్దున్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంకా పొద్దు నడినెత్తికి రాలేదు, అక్క తలస్నానం చేసి, తడిజుట్టుతోనే మా గడపలో నిలబడింది. నేను యాంటెన్నా తిప్పానని ఆమెకు తెలుసు. తెలిసీ ఒక్క మాట అనలేదు. నవ్వుతూ, గొంతు నిండా, "మామా, దా పోదాం," అంది.

మామ చిన్నపిల్లాడిలా లేచాడు. అక్క పెట్టె అందుకుంది.

ఆ తర్వాత మామ బతికి ఉన్నన్నాళ్ళూ ఆమె ఒక్క అమావాస్య కూడా తప్పలేదు. ఆమె టీవీ మీద కుళ్ళు నాకు ఎప్పుడో పోయింది. ఆ గడపలో నిలబడి, సిగ్గుపడకుండా, బెట్టు చేయకుండా, నువ్వు నాకు కావాలి రా అని ఒక మనిషిని పిలవడం ఆమెకు అంత తేలిగ్గా ఎలా వచ్చిందో, దాని మీద మాత్రం నాకు ఇప్పటికీ కడుపుమంటే.